టెస్ ఊళ్ళలో నాలుగు రోజులు

మొదటి రోజు, ఏప్రిల్ 5: డోర్చెస్టర్

సౌతాంప్టన్‌లో పొద్దున్నే రైలెక్కితే గంటన్నర లోపే డోర్చెస్టర్‌లో దిగాం, నేనూ మా చెల్లెలి కూతురూ. అది సౌతాంప్టన్‌లో ఎమ్మెస్ చేస్తోంది. దాన్ని చూద్దామని వచ్చి మూడు వారాలుగా దాని గదిలోనే ఉన్నాను. సెలవులు రాగానే "పెద్దమ్మా, లండన్ తీసుకెళ్తా, ఏమేం చూస్తావో లిస్టు రాసివ్వు" అంది. లండన్ వద్దు, హార్డీ ఊళ్ళు చూపించమన్నాను. హార్డీ ఎవరో దానికి తెలీదు, అయినా మారు మాట్లాడకుండా ఫోన్ తీసి టికెట్లు చూడటం మొదలుపెట్టింది.

థామస్ హార్డీ 1891లో రాసిన టెస్ నవల నేను ఒంగోల్లో డిగ్రీ చదివేటప్పుడు మొదటిసారి చదివాను. లైబ్రరీ కాపీకి అట్ట కూడా లేదు. కథ తెలియని వాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్తాను. ఇంగ్లండు దక్షిణాన డోర్సెట్ అనే జిల్లాలో ఒక పల్లె, అందులో తాగుడుకి అలవాటుపడ్డ ఒక చిల్లర వ్యాపారి, ఆయన పెద్ద కూతురు టెస్. మీది పూర్వం డర్బర్‌విల్ అనే గొప్ప వంశమయ్యా అని ఒక పాస్టరు దారిలో కనపడి ఆయనకి చెప్తాడు. ఆ సంబరంలో ఆయన తాగి పడుకుంటే, తెల్లవారేలోపు సంతకి చేర్చాల్సిన తేనెపట్టు గూళ్ళని బండిలో వేసుకుని టెస్ బయల్దేరుతుంది, కునుకు తీస్తుంది, ఎదురుగా వస్తున్న టపా బండి కాడి గుర్రం రొమ్ములో దిగబడిపోతుంది. ఇంటికి అన్నం పెట్టే గుర్రం పోయింది, దానికి కారణం నేనే అన్న బాధతో ఆ పిల్ల డర్బర్‌విల్ పేరు పెట్టుకున్న డబ్బున్నోళ్ళ ఇంటికి పనికి వెళ్తుంది. అక్కడ అలెక్ దాన్ని చెరుస్తాడు. బిడ్డ పుడుతుంది, చనిపోతుంది. తర్వాత పాడిపశువుల దగ్గర పనిలో ఉండగా ఏంజెల్ అనే చదువుకున్న కుర్రాడు ప్రేమించి పెళ్ళి చేసుకుని, పెళ్ళయిన రాత్రే సంగతి విని వదిలేసి పోతాడు. చివరికి ఆమె అలెక్‌ని చంపి ఉరికంబం ఎక్కుతుంది.

ఆ గుర్రం చచ్చిపోయే పేజీ దగ్గర నేను ఆగిపోయాను. రక్తం చిమ్ముతుంటే టెస్ ఏం చేయాలో తోచక ఆ గాయానికి చెయ్యి అడ్డం పెడుతుంది, రక్తం ఆగదు, మొహం నుంచి పావడా దాకా తడిసిపోతుంది. నేను చదివే నాటికి రెండేళ్ళ ముందు మా ఇంట్లో ఒక ఎద్దు గురక రోగం వచ్చి రాత్రికి రాత్రే పోయింది. నాన్న నాలుగెకరాలు కౌలుకి తీసుకుని పొగాకు వేసేవాడు, ఉన్నది ఒకే జత. రెండో ఎద్దుని ఒంటరిగా ఏం చేసుకుంటాం, అమ్మేశాం, కౌలు వదిలేశాం, కుదిరిన అక్క సంబంధం కట్నం సర్దలేక తప్పిపోయింది. ఎవరొచ్చి పలకరించినా నాన్న ఒకటే మాట, రాసిపెట్టుంది. సరిగ్గా ఆ మాటే ఈ నవలలో ఉంది. టెస్‌కి అన్యాయం జరిగిన అధ్యాయం చివర హార్డీ అంటాడు, ఆ మారుమూల ఊళ్ళలో ఆమె మనుషులు ఒకళ్ళకొకళ్ళు విసుగులేకుండా చెప్పుకునే మాట ఒకటుంది, ఇలా జరగాలని ఉంది అని. ఇంగ్లీషులో నాలుగు చిన్న మాటలు. పక్కన పెన్సిల్‌తో "రాసిపెట్టుంది" అని రాశాను. లైబ్రరీ పుస్తకం మీద రాయకూడదని తెలుసు, చెయ్యి ఆగలేదు.

అప్పట్నుంచీ ముప్పై ఏళ్ళు బళ్ళో ఇంగ్లీషు చెప్పాను. హార్డీ అంటే నిరాశావాది, విధిని నమ్మినవాడు, మనిషి విధి చేతిలో బొమ్మ అన్నవాడు, గైడ్లన్నిట్లో ఇదే ఉంటుంది, నేనూ అదే చెప్పాను. కానీ రిటైరయ్యాక తీరిగ్గా మళ్ళీ చదివితే అంత తేలిగ్గా అనిపించలేదు. రాసిపెట్టి ఉంది సరే, రాసిందెవరు? ఆ ప్రశ్న పట్టుకునే వచ్చాను.

డోర్చెస్టర్ చిన్న ఊరు. పడమటి వైపు ఊరు మొదట్లో హార్డీ విగ్రహం ఉంది, 1931లో పెట్టారు, మోకాలి మీద టోపీ పెట్టుకుని కూర్చుని ఉంటాడు, పొలం చూసి వచ్చి అరుగు మీద చతికిలబడ్డ పెద్దాయనలా. మ్యూజియంలో ఆయన రాసుకునే గదిని ఉన్నదున్నట్టు అమర్చారు. నేను ఎక్కువసేపు నిలబడింది కలాల దగ్గర. ఎముక పిడి ఉన్న కలాలు, ఏ నవలకి ఏ కలం వాడాడో ఆ పేరు పిడి మీద గీకి పెట్టుకున్నాడు. ఒకదాని మీద టెస్ అని ఉంది. అక్షరాలు చిన్నవి, బళ్ళో పిల్లలు కాంపాస్ ముల్లుతో బల్ల మీద చెక్కినట్టు.

సాయంత్రం పాత జైలు వైపు నడిచాం. ఇప్పుడది మూతపడింది. 1856 ఆగస్టు 9న ఈ జైలు గేటు దగ్గర మార్తా బ్రౌన్ అనే ఆవిడని అందరి ముందూ ఉరి తీశారు. కొరడాతో కొట్టిన మొగుణ్ణి గొడ్డలితో చంపిందని నేరం. అప్పుడు హార్డీకి పదహారేళ్ళు, అదే ఊళ్ళో ఒక ఆర్కిటెక్ట్ దగ్గర కొత్తగా పనిలో చేరాడు, జనంలో నిలబడి చూశాడు. సన్నటి వాన పడుతోందట. నల్ల పట్టు గౌను తడిసి ఒంటికి అతుక్కుని, ఆ శరీరం అటు సగం తిరిగి ఇటు సగం తిరగడం ఎనభై దాటాక కూడా ఆయనకి గుర్తుంది, ఉత్తరంలో రాశాడు. చూసినందుకు సిగ్గుపడుతున్నానని కూడా రాశాడు. మావాడు ఆ గేటు ఎదురుగా ఎంత దూరంలో నిలబడ్డాడో అని నేను అటూ ఇటూ చూస్తుంటే మా పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "పద పెద్దమ్మా, చలేస్తోంది" అంది. ఏప్రిల్‌లో కూడా ఇక్కడ చలి ఎముకల్లోకి దిగుతుంది.

రెండో రోజు, ఏప్రిల్ 6: స్టిన్స్‌ఫర్డ్, బాక్‌హాంప్టన్, మాక్స్ గేట్

ఈ తేదీ కావాలనే పెట్టుకున్నాను. హార్డీ కాలంలో ఏప్రిల్ 6 ఇక్కడి పల్లెల్లో ఇళ్ళు మారే రోజు. పాత క్యాలెండర్ ప్రకారం లేడీ డే. కూలీలకి ఏడాది ఒప్పందాలు ఆ రోజుతో తీరిపోతాయి, కొత్త రైతు దగ్గర పని దొరికితే సామాను బండికెత్తుకుని ఆ ఊరు పోవాలి. ఆ రోజు రోడ్ల నిండా బళ్ళేనట, బండి ముందు భాగంలో ఇంటి గిన్నెల బీరువా, ఇంటావిడ చేతి మరకలతో సహా దాన్ని దేవుడి మందసంలా నిలబెట్టి తీసుకెళ్ళేవాళ్ళు.

ఊరు దాటి నది పక్క కాలిబాట పట్టుకుంటే మైలు దూరంలో స్టిన్స్‌ఫర్డ్ చర్చి. ఫ్రూమ్ నది అంటారు గానీ మన కళ్ళకి పెద్ద పంటకాలువ. చర్చి పెరట్లో హార్డీ గుండె ఒక్కటే ఉంది. 1928 జనవరి 11న పోయాడు, దేశం తరఫున లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో చితాభస్మం పెట్టారు, గుండెని మాత్రం తీసి ఇక్కడ, మొదటి భార్య ఎమ్మా పక్కన పాతిపెట్టారు. మనిషిని అలా రెండుగా పంచడం వినడానికే కష్టంగా ఉంది నాకు. కానీ ఆ రాతి పలక మీద చెయ్యి పెట్టినప్పుడు, పోన్లే, ఉండాల్సింది ఉండాల్సిన చోటే ఉంది అనిపించింది.

ఆ పెరట్లోనే గోడవార దురదగొండి లాంటి నెటిల్ మొక్కలు పెరిగిన మూల ఒకటి కనపడింది, నాకు టెస్ బిడ్డ గుర్తొచ్చింది. బాప్తిస్మం ఇవ్వకుండా బిడ్డ పోతే నరకానికి పోతుందని వాళ్ళ భయం. తండ్రి పరువు పోతుందని పాస్టరుని ఇంట్లోకి రానివ్వడు, తలుపుకి తాళం వేస్తాడు. అర్ధరాత్రి టెస్ లేచి, చిన్న తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ లేపి మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, చేతులు కడుక్కునే బేసిన్‌లో నీళ్ళు పోసి తనే బిడ్డకి బాప్తిస్మం ఇస్తుంది. పేరు సారో అని పెడుతుంది, అంటే దుఃఖం. బిడ్డ తెల్లవారేసరికి పోతుంది. పాస్టరు, నువ్విచ్చిన బాప్తిస్మం చెల్లుతుందమ్మా అంటాడు, కానీ పద్ధతిగా పూడ్చిపెట్టడానికి మాత్రం ఒప్పుకోడు. కాటికాపరికి ఒక షిల్లింగూ కాస్త బీరూ ఇచ్చి, లాంతరు వెలుగులో నెటిల్స్ మొలిచే మూల పూడ్పిస్తుంది. రెండు పుల్లలు దారంతో కట్టి శిలువ చేసి, మార్మలేడ్ సీసాలో నీళ్ళు పోసి పూలు పెడుతుంది. సీసా మీద కంపెనీ పేరు కనపడుతూనే ఉంటుంది, అయితే ఏం, తల్లి కంటికి అది కనపడదు అంటాడు హార్డీ. లోకం మీద ఆశ లేనివాడు ఆ సీసాని అంత దగ్గరగా చూడగలడా? నాకు నమ్మకం లేదు. ఇంకో సంగతి, ఈ నవల మొదట వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు ఈ బాప్తిస్మం ఘట్టం తీసేయాల్సి వచ్చింది, హార్డీ దాన్ని వేరే పత్రికలో విడిగా వేయించుకున్నాడు.

అక్కణ్ణుంచి ఇంకో రెండు మైళ్ళు నడిస్తే హయ్యర్ బాక్‌హాంప్టన్, హార్డీ పుట్టిన ఇల్లు. 1800లో ముత్తాత కట్టిన మట్టిగోడల ఇల్లు, పైన గడ్డి కప్పు. మన ఊళ్ళో పాత మట్టిమిద్దెలు తెలిసినవాళ్ళకి గోడల మందం చూస్తే ప్రాణం లేచొస్తుంది. 1840 జూన్ 2న ఇక్కడ పుట్టినప్పుడు బిడ్డలో చలనం లేదని డాక్టరు పక్కన పడుకోబెట్టేస్తే మంత్రసాని గమనించి, ఆగండి, బతికే ఉన్నాడు అందట. కింద గదిలో వెనకవైపు ఇనప ఊచల చిన్న కిటికీ ఒకటుంది. వాళ్ళ నాన్న తాపీ మేస్త్రీ, కూలీలకి డబ్బులు ఆ ఊచల సందులోంచే ఇచ్చేవాళ్ళు. నేను ఆ కిటికీ బయటి వైపు వెళ్ళి చెయ్యి పెట్టి చూశాను. అరచెయ్యి చాచి ఊచల మధ్య పెట్టి ఎదురుచూడటం ఎలా ఉంటుందో ఒంటికి తెలిసింది.

హార్డీ వాళ్ళమ్మ జెమైమా నమ్మకం ఒకటి ఆయన తన నోటుబుక్కులో రాసుకున్నాడు. మనం ఏదన్నా మంచి జరగబోతోందని ఆశపడగానే, మన ముందు ఒక ఆకారం చెయ్యెత్తి నిలబడి వెనక్కి కొడుతుందని ఆవిడ అనేదట, తనకీ అదే అనిపిస్తుందని రాశాడు. ఆవిడ తల్లి ఊరివాళ్ళ ధర్మం మీద, పేదల నిధి మీద పిల్లల్ని పెంచింది. అలాంటి ఇంట్లో పెరిగిన మనిషికి ఆ ఆకారం ఎందుకు కనపడదు. హార్డీ చిన్నప్పుడు ఎరిగిన గొర్రెల కాపరి కుర్రాడు ఒకడు తిండిలేక చచ్చిపోయాడు. కోసి చూస్తే కడుపులో పచ్చి టర్నిప్ దుంప తప్ప ఏమీ లేదు. ఈ మాట 1902లో ఒక ఉత్తరంలో రాశాడు, అంటే అరవై దాటాక కూడా అది మర్చిపోలేదు. టెస్ చేత మంచులో గడ్డకట్టిన చేలో దుంపలు తవ్వించినవాడి మనసులో ఆ కుర్రాడు ఉండే ఉంటాడు.

ఈ ఇల్లు కౌలు ఇల్లు. లైఫ్‌హోల్డ్ అంటారు, పేర్లు రాసుకున్న మనుషులు, మామూలుగా ముగ్గురు, వాళ్ళు బతికున్నంత కాలం ఇల్లు మీది. ఆఖరివాడు కన్నుమూస్తే ఇల్లు జమీందారుది. నవలలో టెస్ వాళ్ళ ఇల్లూ ఇలాంటిదే, దాని కాగితంలో ఉన్న ముగ్గురిలో ఆఖరివాడు ఆమె తండ్రి. ఆయన పోగానే తల్లీ పిల్లలూ సరిగ్గా ఈ ఏప్రిల్ 6న రోడ్డున పడతారు, ఆ పిల్లల ఆకలి చూడలేకే టెస్ మళ్ళీ అలెక్ దగ్గరికి పోతుంది. ఏ నక్షత్రమూ, ఏ దేవుడూ అక్కర్లేదు, దస్తావేజు మీద మూడు పేర్లు చాలు. డిగ్రీలో ఉండగా ఆ పేజీలు నేను గబగబా తిప్పేశాను, కథ ఎప్పుడు ముందుకెళ్తుందా అని. మా నాన్న కౌలు కాగితం కళ్ళారా చూసిన దాన్ని, అయినా నాకు తట్టలేదు.

మధ్యాహ్నం బస్సులో వెనక్కొచ్చి మాక్స్ గేట్ చూశాం. హార్డీ తనే ప్లాను గీసి, తండ్రీ తమ్ముడూ కట్టగా 1885లో చేరిన ఇల్లు. టెస్ ఇక్కడే రాశాడు, ఆ తర్వాత జూడ్ అనే నవల కూడా. ఆ జూడ్‌ని ఒక బిషప్పు పొయ్యిలో వేసి కాల్చానని చెప్పుకున్నాడు, తిట్లు పడలేక హార్డీ నవలలు మానేసి మిగతా ముప్పై ఏళ్ళూ కవిత్వమే రాశాడు. పైన అటక గదిలో ఎమ్మా ఒంటరిగా ఉండేది. ఒకే ఇంట్లో మొగుడూ పెళ్ళాలు మాటల్లేకుండా ఏళ్ళు గడిపారు, 1912లో ఆవిడ ఆ గదిలోనే పోయింది, ఆ తర్వాత ఆయన ఆవిడ మీద ఏడుస్తూ రాసిన పద్యాలు ఇంగ్లీషులో ఎంతో గొప్పవి. బతికుండగా ఒక్క మెట్టు ఎక్కి పలకరించి ఉంటే ఏం పోయేదయ్యా అని నాకు కోపం వచ్చింది. టెస్ కష్టం అంత తెలిసినవాడు, తన ఇంటి పైగదిలో కష్టం చూడలేదు. ఆ మెట్లు నిటారుగా ఇరుకుగా ఉన్నాయి, నా మోకాలు పట్టేసింది.

రాత్రి మబ్బు విడిపోయి చుక్కలు బాగా కనపడ్డాయి. మా పిల్లకి ఆ బండి ప్రయాణంలో చుక్కల మాటలు చదివి వినిపించాను. టెస్ తమ్ముడు అబ్రహాం తొమ్మిదేళ్ళవాడు, అక్క పక్కన బండిలో కూర్చుని అడుగుతాడు, చుక్కలు కూడా లోకాలేనా అక్కా అని. అవును, మన చెట్టు యాపిల్ కాయల్లాంటివే, చాలావరకు మంచివే, కొన్ని పుచ్చువి. మనం ఉన్నది మంచిదా పుచ్చుదా? పుచ్చుది. అన్ని మంచివి ఉండగా మనం దీని మీద పడ్డామేంటి అని వాడు బాధపడతాడు. మంచిదాని మీద పడి ఉంటే ఎలా ఉండేది? నాన్న ఇలా దగ్గుతూ తిరిగేవాడు కాదు, తాగి పడుకునేవాడు కాదు, అమ్మ ఎప్పుడూ బట్టలు ఉతుకుతూ ఎప్పటికీ అవగొట్టలేకుండా ఉండేది కాదు.

"అంతేనా వాళ్ళు కోరుకున్నది?" అంది మా పిల్ల. కాసేపాగి, "అమ్మకి ఫోన్ చేస్తా" అని బయటికెళ్ళింది.

మూడో రోజు, ఏప్రిల్ 7: వూల్, బియర్ రెజిస్

డోర్చెస్టర్ నుంచి వూల్‌కి రైల్లో రెండు స్టేషన్లు. దిగి కాస్త నడిస్తే ఫ్రూమ్ నది మీద పాత రాతి వంతెన, అవతల ఒంటరిగా వూల్‌బ్రిడ్జ్ మేనర్. టెస్, ఏంజెల్ పెళ్ళి రాత్రి గడిపిన ఇల్లు ఇదే, నిజంగానే టర్బర్‌విల్ అనే వంశం వాళ్ళది, హార్డీ ఆ పేరునే నవలలో డర్బర్‌విల్ అని మార్చాడు. లోపల మెట్ల దగ్గర గోడ మీద ఆ వంశపు ఆడవాళ్ళ బొమ్మలు ఇద్దరివి ఉండేవి, నవలలో వాటి మొహాలు చూసి టెస్ జడుసుకుంటుంది. ఇప్పుడు ఎవరో ఉంటున్న ఇల్లు కాబట్టి వంతెన మీద నుంచే చూశాం. నీళ్ళు తేటగా ఉన్నాయి, అడుగున పాచి జుట్టులా ఊగుతోంది.

వంతెన గోడకి ఒక ఇనప పలక బిగించి ఉంది. డోర్సెట్ అని పైన, కింద అచ్చక్షరాల్లో: ఈ వంతెనని కావాలని పాడుచేసినవాళ్ళు ఎవరైనా నేరస్తులు, రుజువైతే యావజ్జీవం దేశాంతరం పంపబడతారు. పోతపోసిన అక్షరాలు, వేలితో తడిమితే ఉబ్బెత్తుగా తగులుతాయి. దేశాంతరం అంటే ఓడెక్కించి ఆస్ట్రేలియా పంపడం. ఇది ఉత్తి బెదిరింపు కాదు. ఇక్కడికి దగ్గర్లోనే టోల్‌పడల్ అనే ఊరుంది, వారానికి ఏడు షిల్లింగుల కూలి ఇంకా తగ్గిస్తామంటే ఆరుగురు కూలీలు సంఘం పెట్టుకున్నారు, రహస్య ప్రమాణం చేశారన్న నేరం మీద 1834లో డోర్చెస్టర్ కోర్టు వాళ్ళని ఏడేళ్ళ దేశాంతర శిక్షకి పంపింది. హార్డీ పుట్టడానికి ఆరేళ్ళ ముందు మాట. నేను ఆ పలక మీద చెయ్యి ఉంచే చాలాసేపు నిలబడ్డాను. నుదుటి రాత ఎవరికీ కనపడదు అంటాం. ఈ రాత దారినపోయే వాళ్ళందరికీ కనపడేలా బిగించారు, కింద గుమాస్తా పేరుతో సహా.

మా పిల్ల అప్పటికి ఫోన్‌లో కథ మొత్తం చదివేసింది. "పెద్దమ్మా, నాకు ఒకటి నచ్చలేదు. పెళ్ళికి ముందే అంతా చెప్తూ ఉత్తరం రాసి తలుపు కిందనించి తోస్తే అది కార్పెట్ కిందకి పోవడమేంటి? ఇది మన సీరియళ్ళలో లాగే ఉంది కదా." కాదని నేను అనలేదు. హార్డీలో నాకూ గుచ్చుకునేవి ఇవే. గుర్రం, ఉత్తరం, ఆఖరి నిమిషంలో తప్పిపోయిన మనిషి, అన్నీ ఒక్కదాని నెత్తినే. ఆ చోట్ల ఆయన చెయ్యి కనపడుతుంది. కానీ ఒకటి చూడు అన్నాను. ఆ ఉత్తరం అందలేదని టెస్‌కి పెళ్ళి రోజు తెలుస్తుంది, నోటితో చెప్పబోతే ఏంజెలే తర్వాత చెప్పుకుందాంలే అంటాడు. రాత్రి ఈ ఇంట్లో, నిప్పు ముందు కూర్చుని ముందు అతనే చెప్తాడు, లండన్‌లో ఎవరో ఆడమనిషితో రెండు రోజులు గడిపానని. టెస్ వెంటనే క్షమిస్తుంది, సంతోషంగా కూడా ఉంటుంది, ఇద్దరి తప్పూ ఒకటే కదా అని. తన సంగతి చెప్తుంది. అతను అంటాడు, క్షమించడం ఇక్కడ కుదరదు, నేను ప్రేమించింది నిన్ను కాదు, నీ రూపంలో ఉన్న ఇంకొక మనిషిని అని. ఉత్తరం కార్పెట్ కిందకి పోవడం విధి అనుకుందాం. ఈ మాటలు విధి అన్నవి కావు, చదువుకున్న, మంచివాడనిపించుకున్న కుర్రాడు నోరు తెరిచి అన్నవి. మా అక్క సంబంధం తప్పించుకున్నవాళ్ళు కూడా మంచివాళ్ళే, అప్పుడు అందరూ మెచ్చుకునేవాళ్ళు వాళ్ళని.

ఇదంతా నేను వంతెన మీద గట్టిగానే చెప్పాననుకుంటా, కుక్కని తిప్పుతున్న ఒకాయన ఆగి చూసి నవ్వి వెళ్ళాడు.

బియర్ రెజిస్‌కి టాక్సీ మాట్లాడుకున్నాం, ఐదారు మైళ్ళు. అక్కడి చర్చి లోపలికి వెళ్ళగానే తల పైకెత్తాలి, చెక్క కప్పు దూలాల చివర క్రీస్తు శిష్యుల రంగు బొమ్మలు దాదాపు మనిషంత ఉన్నవి కిందికి వంగి చూస్తుంటాయి. దక్షిణం వైపు టర్బర్‌విల్ కిటికీ, రంగు అద్దాల్లో వంశ చిహ్నాలు. దాని పక్కన వాళ్ళ సమాధులు, మీద బిగించిన ఇత్తడి బొమ్మలు ఎప్పుడో పీకేశారు, మేకుల బెజ్జాలు మిగిలాయి. పూలు సర్దుతున్న ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి కిటికీ బయట ఎక్కడ నిలబడాలో చూపించింది. ఇల్లు పోయిన రాత్రి టెస్ తల్లి ఆ కిటికీ కింద గోడవారగా పట్టెమంచం వేసి, చుట్టూ తెరలు దించి పిల్లల్ని పడుకోబెడుతుంది. లోపల పూర్వీకులు రాతి సమాధుల్లో, బయట వాళ్ళ వారసులు చలిలో. టెస్ ఒక్కతే లోపలికి వచ్చి వంశ సమాధి ద్వారం మీదకి వంగి, ఈ తలుపుకి ఇవతల ఎందుకున్నాను నేను అంటుంది. బతికున్నదానికి చచ్చినవాళ్ళ ఇల్లు నయమనిపించింది. ఆ బెజ్జాల్లో వేలు పెట్టి చూశాను, చల్లగా ఉంది రాయి. పెద్దావిడ అడిగింది, మీరు ఇండియా నుంచి దీని కోసం వచ్చారా అని. అవునన్నాను. ఆవిడ కూడా చిన్నప్పుడు చదివి ఏడ్చిందట, మళ్ళీ ఎప్పుడూ తెరవలేదట.

నాలుగో రోజు, ఏప్రిల్ 8: వించెస్టర్

వెనక్కి వెళ్ళే రైలు దారి టెస్ ఆఖరి దారి దగ్గరదగ్గరగానే ఉంటుంది. వూల్ దాటాక బోర్న్‌మత్, నవలలో శాండ్‌బోర్న్. అలెక్‌ని చంపింది అక్కడే, కింద గదిలో ఇంటావిడ తలెత్తి చూస్తే తెల్లటి సీలింగ్ మీద ఎర్రమరక పెద్దదవుతూ పేకలో ఆఠీన్ ఆసు ఆకారంలోకి వస్తుంది. తర్వాత ఆమే, తిరిగొచ్చిన ఏంజెలూ అడవిదారిన నడిచి, స్టోన్‌హెంజ్ రాళ్ళ దగ్గర ఆమె పడుకుని ఉండగా తెల్లవారి పోలీసులు చుట్టుముడతారు. నిద్ర లేచేదాకా ఆగండి అని ఏంజెల్ బతిమాలితే వాళ్ళు ఆగుతారు. ఆ పోలీసులు ఆగారన్న సంగతి నేను ఎప్పుడూ క్లాసులో చెప్పలేదు. చెప్పాల్సింది.

సౌతాంప్టన్‌లో దిగకుండా వించెస్టర్ దాకా వెళ్ళాం. స్టేషన్ నుంచి రోమ్సీ రోడ్డు ఎక్కుడు, జైలు ఇప్పటికీ అక్కడే పనిచేస్తోంది. వాన మొదలైంది. గొడుగు ఒక్కటే, మా పిల్ల నా వైపే పట్టింది. ఈ ఎత్తు మీద, ఊరి బయట మొదటి మైలురాయి దగ్గర, జూలై నెల పొద్దున ఏంజెల్, టెస్ చెల్లెలు లైజా లూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడతారు. ఎనిమిది కొడుతుంది. జైలు బురుజు మీద నల్లజెండా మెల్లగా పైకి లేస్తుంది. అక్కడే హార్డీ ఆ పేరుమోసిన వాక్యం రాశాడు, న్యాయం జరిగింది, అమరుల అధ్యక్షుడు టెస్‌తో తన ఆట ముగించాడు అని. గైడ్లన్నీ ఇక్కడితో ఆపేస్తాయి. నేను కూడా బోర్డు మీద దీన్నే రాసి కింద గీత గీసేదాన్ని.

సంచీలోంచి పుస్తకం తీసి, బస్ షెల్టర్‌లో నిలబడి ఆఖరి పేజీ చూశాం. ఆ వాక్యం తర్వాత ఇంకా ఉంది. సమాధుల్లో ఉన్న పెద్దమనుషులు ఏమీ ఎరగకుండా నిద్రపోతూనే ఉన్నారు. ఆ ఇద్దరూ ప్రార్థన చేస్తున్నట్టు నేలకి వంగిపోయి చాలాసేపు కదల్లేదు, జెండా అలాగే ఎగురుతూ ఉంది. చిట్టచివరి వాక్యం ఇది: ఒంట్లో సత్తువ రాగానే లేచి, మళ్ళీ చేతులు పట్టుకుని, ముందుకు నడిచారు.

"ఇంకోసారి చదువు పెద్దమ్మా" అంది. చదివాను. వాన తగ్గేదాకా అక్కడే ఉండి, జారుడుగా ఉంది చూసుకుని నడువు అంటూ అది నా మోచెయ్యి పట్టుకుంటే, స్టేషన్ వైపు దిగాం.